వాయిదా పడిన సముద్రం రోజు

సలెర్నో నుంచి అమాల్ఫీ వెళ్ళే పడవలో కుడివైపు కూర్చోవాలి. కొండలు, ఊళ్ళు, నిమ్మతోటలు అన్నీ ఆ వైపే ఉంటాయి. ఎడమవైపు ఉత్త నీళ్ళు. ఈ ఒక్క ముక్క తెలియక తమ గుంపును ఎడమవైపు కూర్చోబెట్టి, దారి పొడుగునా అందరి మెడలకూ నొప్పి పుట్టించిన టూర్ లీడర్లను చూశాను. కడుపులో తిప్పేవాళ్ళను పడవ వెనకభాగంలో కూర్చోబెట్టాలి, ముందుభాగం ఎగిరెగిరి పడుతుంది. హోటల్‌కు భోజనం చెప్పేటప్పుడు శాకాహారం అని ఊరుకోకూడదు. చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు కూడా పొయ్యొద్దు అని విడమరిచి చెప్పాలి. మనవాళ్ళు సంచుల్లోంచి ఆవకాయ సీసా తీస్తే సిగ్గుపడకండి. హోటల్ యజమానికి కూడా ఒక చెంచా రుచి చూపించండి. మరుసటి ఏడు ఆయనే తెమ్మని అడుగుతాడు.

నేను డబ్లిన్‌లో ఒక చిన్న ట్రావెల్ కంపెనీలో టూర్ లీడర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఐర్లండ్‌లో ఉంటున్న మన కుటుంబాలను ఇటలీకో స్పెయిన్‌కో తీసుకువెళ్ళి, చూపించి, తినిపించి, మళ్ళీ ఇంటికి చేర్చడం నా పని. టూరిజం చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు, "ఆంటీ, ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది?" అని. టికెట్లూ వీసాలూ ఇన్సూరెన్సూ ఎవరైనా నేర్పుతారు. నాకు తెలిసిన మిగతాది రాద్దామని కూర్చుంటే, ఎటు మొదలుపెట్టినా కలం ఒకే గుంపు దగ్గరికి, ఒకే మనిషి దగ్గరికి పోతోంది. సరే, అలాగే కానిద్దాం.

నోరీన్

ముందు మా బాసు గురించి చెప్పాలి. నోరీన్ కిల్కెన్నీ దగ్గర పాడిరైతు కూతురు. నన్ను ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు రోమ్ గురించిగానీ వెనిస్ గురించిగానీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "చెప్పాపెట్టకుండా పదిమంది ఇంటికొస్తే ఏం చేస్తావు?" అని అడిగింది.

"బియ్యం కడుగుతాను" అన్నాను.

మాది కాకినాడ. మా ఇంట్లో అమ్మ చేసేది అదే. నోరీన్‌కు ఎంత అర్థమయిందో గానీ, పగలబడి నవ్వి, "సోమవారం నుంచి రా" అంది.

ఆమె దగ్గర ఒక పట్టుదల ఉండేది. ప్రతి టూరులో ఒక రోజు ఏమీ ఉండకూడదు. మ్యూజియం వద్దు, చర్చి వద్దు, షాపింగ్ వద్దు. పడవెక్కడం, తీరం చూడడం, తినడం, తాగడం, వెనక్కి రావడం, అంతే. దానికి మేము సముద్రం రోజు అని పేరు పెట్టుకున్నాం. తరవాతి రోజుల్లో నోరీన్ మేనల్లుడు డెక్లన్ ఆఫీసులోకి వచ్చి, అదే రోజులో నాలుగు ఊళ్ళు చూపించవచ్చు కదా అని లెక్క వేశాడు. ఒకసారి అలా చేశాం కూడా. సాయంత్రం బస్సులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అలసట ముఖాలు చూసి నోరీన్ మేనల్లుడితో ఒకటే మాట అంది: "వీళ్ళకు ఏ ఊళ్ళోనైనా కూర్చునే తీరిక దొరికిందా?" మళ్ళీ పాత పద్ధతికే వచ్చాం. ఈ విషయంలో ఆమె మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మీ గుంపుకు కూర్చునే తీరిక ఇవ్వండి.

ప్రభాకర్ గారు

కరోనా రాకముందు చలికాలంలో ఒక శనివారం ప్రభాకర్ గారు, ఆయన భార్య సరళ మా ఆఫీసుకు వచ్చారు. వరంగల్ వైపువాళ్ళు, డబ్లిన్‌కు కాస్త దూరంలో ఉన్న నేస్ అనే ఊళ్ళో ఇల్లు. ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు, ఆమె చిన్నపిల్లల క్రెష్‌లో పని చేసేది. మా గోడమీద అమాల్ఫీ తీరం పోస్టరు ఒకటి ఉండేది. ఆయన దాని ముందు నిలబడి, చీకట్లో టార్చిలైటు వేసి వెతికినట్టు, తల నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ చూశారు. నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు.

"కండ్లు పక్కలకెళ్ళి మూసుకొస్తున్నయి అక్కా. గ్లకోమా అంటరు గద. నడుమ చిన్న కిటికీ మిగిలింది. అది ఉండంగనే ఈ జాగ చూడాలె."

"ఈ చోటే ఎందుకండీ?" అన్నాను.

"చిన్నప్పుడు మా దిక్కు మంగలి షాపుల క్యాలెండర్ ఉండేది. సముద్రం మీద ఇండ్లు, ఒకదాని నెత్తిన ఒకటి. కటింగ్ చేసినంతసేపు దాన్నే చూసేటోణ్ణి. అప్పటికి చెరువు తప్ప ఏం చూడలె నేను. ఇటలీ అని మా సారు చెప్పిండు."

ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు. సరళే సంజాయిషీ ఇచ్చినట్టు చెప్పింది. ఒక ఏడు ఇల్లు కొన్నారు, ఒక ఏడు పెద్దపిల్ల పరీక్షలు, ఒక ఏడు చిన్నపిల్ల పరీక్షలు. ఏటా ఏదో ఒకటి అడ్డం వచ్చేదట. ఏప్రిల్‌లో వెళ్ళే గుంపులో వాళ్ళ పేర్లు రాసుకున్నాను. అదే గుంపులో డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి శ్రీను, లావణ్య, వాళ్ళ పాప అనన్య ఉన్నారు. ఇంకో రెండు కుటుంబాలు. నాకు నచ్చిన గుంపు. వాట్సాప్‌లో అప్పటికే ఎవరు పులిహోర తేవాలో, ఎవరు కారప్పొడి తేవాలో తేల్చేసుకున్నారు.

మార్చిలో అన్నీ మూతపడ్డాయి. విమానాలు లేవు, ఆఫీసు లేదు. ఇంటినుంచి కాస్త దూరం కదిలితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, రోడ్డుమీద ఆపి ఎక్కడికని అడిగే రోజులు. నోరీన్ తన వంటింట్లో కూర్చుని కస్టమర్లందరికీ తనే ఫోన్లు చేసింది. మనవాళ్ళకు నేను చేశాను. టూరు వచ్చే ఏడాదికి మార్చామని చెబితే అందరూ "ఫర్వాలేదు ఆంటీ, ముందు ప్రాణాలు దక్కనీ" అన్నారు. ప్రభాకర్ గారు నవ్వారు.

"టూరును దాచిపెడతరు, మంచిదే. నా కండ్లను యాడ దాచిపెట్టాలె అక్కా?"

కంటి డాక్టరు అపాయింట్‌మెంటు కూడా వాయిదా పడిందని ఆ ఫోన్లోనే తెలిసింది. అప్పుడు అందరి అపాయింట్‌మెంట్లూ వాయిదా పడుతున్నాయి. చుక్కల మందు వేసుకుంటున్నారా అని అడిగి ఫోను పెట్టేశాను.

కిలైనీ

ఆ వేసవిలో కట్టుబాట్లు కొంచెం సడలాయి. ఆరుబయట కొద్దిమంది కలవచ్చన్నారు. ఆగిపోయిన టూరు గుంపు ఒక్కసారైనా కలుద్దామని శ్రీను పట్టుబట్టాడు. నేను కిలైనీ కొండ చెప్పాను. డబ్లిన్‌కు దక్షిణంగా సముద్రం మీదికి ఒరిగినట్టుండే కొండ అది. ఆ అఖాతం అచ్చం నేపుల్స్‌లా ఉందని పూర్వం ఎవరో మురిసిపోయి, అక్కడి వీధులకు వీకో, సొరెంటో అని ఇటలీ పేర్లు పెట్టారు. మనం ఇటలీ వెళ్ళలేకపోతే ఇటలీ పేర్లున్న వీధికైనా వెళ్దాం అన్నాను.

జులై చివర ఒక ఆదివారం ఎవరి చాపలు వాళ్ళు దూరదూరంగా పరుచుకుని కూర్చున్నాం. సరళ నిమ్మకాయ పులిహోర తెచ్చింది. లావణ్య చల్లని పాస్తా చేసి తెచ్చింది. శ్రీను ఇటలీ వైను సీసా తెచ్చి, పేపరు కప్పుల్లో పోశాడు. ఎండ బాగా కాసింది. ప్రభాకర్ గారు కొండ అంచున నిలబడి, తన పద్ధతిలో తల తిప్పుతూ, కనపడినవన్నీ ఒక్కొక్కటిగా పైకి చెప్పారు.

"ఒక తెల్ల పడవ. ఒక రైలు పోతున్నది. ఒక కుక్క. కుక్క పక్కన సరళ."

అందరం నవ్వాం. సరళ ఆయనమీదికి నిమ్మచెక్క విసిరింది.

భోజనాలు కానిచ్చి ఫోను చూసుకుంటున్న శ్రీను ఒక్కసారిగా లేచాడు. "ప్రభాకర్ అన్నా! ఇటలీ లిస్టులో ఉందండోయ్! వెళ్ళొచ్చాక రెండు వారాలు ఇంట్లో కూర్చోవక్కర్లేదంట!"

అది నిజమే. ఆ వారంలోనే ప్రభుత్వం కొన్ని దేశాల పేర్లు ప్రకటించింది. వాటిలో ఇటలీ ఉంది. ప్రభాకర్ గారు ప్లేటు కింద పెట్టేశారు.

"పోదామా?"

"ఏం మాట్లాడుతున్నవ్?" అంది సరళ. "మొన్నమొన్ననే అక్కడ మనుషులు పిట్టల లెక్క రాలిపోయిండ్రు. నీకు షుగర్ ఉంది. ఏమన్న అయితే ఆ దేశంల నిన్ను ఏ దవాఖానల ఎతుక్కోవాలె నేను?"

ఆయన నా వైపు తిరిగారు. "అక్కా, నువ్వు చెప్పు. కంపెనీ లేకుంటె మానె. ఆగస్టుల మనమే పోదాం. రెండు రోజులు చాలు. ఆ పడవ ఒక్కటి ఎక్కుదాం."

నాకు తెలిసింది చెప్పాను. అవసరం లేకపోతే ప్రయాణాలు వద్దనే ప్రభుత్వం ఇంకా అంటోంది. కరోనా వస్తే ఇన్సూరెన్సు వర్తించదు. లిస్టు ఎప్పుడు మారుతుందో ఎవరికీ తెలియదు. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు. నోరీన్‌ను అడిగినా, మీలో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు.

"వచ్చే ఏడాది పోదాం" అంది సరళ, ఈసారి మెల్లగా. "టీకా వస్తదంటున్నరు గద. అప్పుడు అందరం కలిసి, ఏ భయం లేకుండ పోదాం. నీకు ఆపరేషన్ కూడ అయితది."

ఆయన కొంతసేపు సముద్రం వైపు చూశారు. "సరే, నీ ఇష్టం" అన్నారు. ప్లేటు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

పదేళ్ళ అనన్యకు మా మాటలన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే ఇస్తుంది. "ఇట్'ల్ బి గ్రాండ్, అంకుల్" అంది, అంతా బాగానే జరుగుతుందిలే అన్నట్టు.

"గ్రాండే బిడ్డా, గ్రాండే" అన్నారాయన.

ఆ రోజు

ఆ చలికాలం మళ్ళీ అన్నీ మూతపడ్డాయి. వసంతంలో ఆయనకు ఆపరేషన్ జరిగింది. కానీ గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని ఆపగలిగితేనే గొప్ప. అప్పటికి ఆపడానికి పెద్దగా మిగల్లేదు. వెలుగు వచ్చిందా, నీడ పడిందా అన్నంతవరకే తెలిసేది.

ఆ ఏడాది శరదృతువులో, టీకా సర్టిఫికెట్లు ఫోన్లలో చూపించుకుంటూ జనం మళ్ళీ విమానాలెక్కడం మొదలుపెట్టాక, పాత గుంపు కదిలింది. ప్రభాకర్ గారు, సరళ రారని అనుకున్నాను. రానక్కర్లేదని ఎలా చెప్పాలో ఆలోచిస్తూ ఫోను చేశాను. సరళ తటపటాయించింది. ఆయన ఫోను లాక్కుని, "పోదాం అక్కా. అందరు ఇన్ని రోజులు ఆగిన్రు" అన్నారు.

సముద్రం రోజు నేను ఇన్నేళ్ళలో చూసినవాటిలోకెల్లా మంచి వాతావరణం. గాలి లేదు, పొగమంచు లేదు. పడవలో కుడివైపు మొదటి కిటికీ సీటు అలవాటు చొప్పున ఆయనకు ఉంచేశాను. ఆయన దాన్ని చేత్తో తడిమి చూసి, కిటికీ అద్దం తగిలేసరికి లేచారు.

"ఈ సీటు నాకెందుకమ్మా? లావణ్యా, నువ్వు కూసో."

లావణ్య వద్దంది. ఆయన వినలేదు. నేను మైకు పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడడం మొదలుపెట్టాను, ఆ క్షణం గడిస్తే చాలని. మలుపు తిరగగానే మొదటి ఊరు కనపడింది. కొండ చరియల్లో ఇళ్ళు, వాటి మధ్య మెట్లుమెట్లుగా నిమ్మతోటలు. లావణ్య మైమరిచి, "అబ్బ! చూడండి, చూడండి!" అని అరిచింది. అంతలోనే మాస్కు మీద చెయ్యి వేసుకుంది. ప్రభాకర్ గారు చిరునవ్వుతో, "చూడున్రి, చూడున్రి. అందుకేగదా వచ్చింది" అన్నారు.

మేము ఎప్పుడూ భోజనం చేసే చోటు కొండమీద ఒక డాబా. పైన పందిరికి నిమ్మకాయలు వేలాడుతుంటాయి. యజమాని జెన్నారో నాకు పాత స్నేహితుడు. కరోనాలో తల్లిని పోగొట్టుకున్నాడని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. తరవాత ఆకులతో సహా ఒక నిమ్మకాయ కోసి తెచ్చి ప్రభాకర్ గారి చేతుల్లో పెట్టాడు. దబ్బకాయంత ఉంది. ఆయన గోరుతో తొక్క గీరి వాసన చూశారు, ఆకు నలిపి వాసన చూశారు.

"ఎండ వాసనొస్తున్నది" అన్నారు.

ఆ రోజు ఆయన తిన్నంత ఇష్టంగా ఎవరూ తినలేదు. కరకరలాడే నెత్తళ్ళ వేపుడు తిన్నారు. నిమ్మాకుల మీద కాల్చిన జున్ను తిన్నారు. చల్లని తెల్ల వైను తాగారు, చివర నిమ్మతొక్కలతో చేసే తీపి మద్యం ఒక చిన్న గ్లాసు పుచ్చుకున్నారు. వరంగల్ హాస్టల్ కథలు చెప్పి శ్రీనును నవ్వించి నవ్వించి చంపారు. పరాయివాళ్ళెవరైనా మా బల్ల వైపు చూస్తే, ఇక్కడ అందరికంటే సంతోషంగా ఉన్నది ఆయనే అనుకుంటారు.

నా కళ్ళు మాత్రం సరళ మీదే ఉన్నాయి. ఆమె సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పాస్తాలో వచ్చిన ఆల్చిప్పల పెంకులు ఒక్కొక్కటీ తీసి ఆయన ప్లేటులో కండ మాత్రం పెడుతోంది. పొద్దున్నుంచీ, పడవలో కూడా, ఆమె ఒక్కసారైనా తలెత్తి తీరం చూడలేదని అప్పుడు గుర్తించాను. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు వెంట వెళ్ళాను.

"సరళా, ఒక్కసారి ఇటు చూడమ్మా. ఇంత దూరం వచ్చి..."

"చూస్తే ఏమైతది అక్కా?" అంది కుళాయి కింద చేతులు పెట్టి. "ఆయన చూడాల్సింది. ఆయన చూడంది నేను చూసి ఏం జేసుకోవాలె?"

తిరుగు పడవలో పొద్దు వాలుతోంది. కొండలన్నిటిమీదా పసుపు కాంతి పడింది. నేను వాళ్ళ వెనక వరుసలో ఉన్నాను. ప్రభాకర్ గారు అడిగారు:

"ఇప్పుడేం కనపడుతున్నది?"

"కొండలు" అంది సరళ.

"ఇంక?"

"ఇండ్లు."

"ఎట్లున్నయి?"

"మంచిగున్నయి."

"సరళా, నువ్వు చూస్తలేవు. నా దిక్కు తిరిగి మాట్లాడుతున్నవ్. నీ గొంతు నా మొఖం మీదికొస్తున్నది."

"జర అటు తిరుగు" అన్నారాయన. "నేనెట్లాగు చూడలేను. నువ్వుగూడ చూడకపోతె ఇంటికి పోయినంక నేనెవర్ని అడగాలె?"

ఆమె తిరిగింది. చెప్పడం మొదలుపెట్టింది. ఇళ్ళు ఒకదానిమీద ఒకటున్నాయని, ఒకటి గులాబీ, ఒకటి పసుపు, ఒకటి సున్నం రాలిపోయి ఉందని. ఒకామె బాల్కనీలో బట్టలు తీస్తోందని. ఒక చర్చి గుమ్మటం మీద పచ్చని పెంకులు మెరుస్తున్నాయని. ఆయన ఊ కొడుతున్నారు. కానీ పడవ ఆమెకోసం ఆగదు కదా. ఒక ఊరు చెప్పడం పూర్తికాకముందే అది వెనకబడిపోయి ఇంకోటి వస్తోంది. ఆమె తొందర తొందరగా చెబుతోంది. "నిమ్మళంగ" అంటున్నారాయన, "నిమ్మళంగ చెప్పు." అంతలో సలెర్నో వచ్చేసింది.

ఇక

నోరీన్ ఆ చలికాలంలోనే కంపెనీ మూసేసింది. నేనూ చాలనుకున్నాను. నా ఆఖరి సముద్రం రోజు అదే అయింది.

ఈ పనిలోకి వస్తున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. టూరు వాయిదా వేసినప్పుడు మనం తేదీ మారుస్తాం. మనుషుల్లో కొందరికి ఆ తేదీ మారదు. అలాంటివాళ్ళు అందరితోపాటు క్యూలోనే నిలబడతారు, గొడవ చెయ్యరు, సరే అంటారు. వాళ్ళను గుర్తుపట్టినా ఒక్కోసారి ఏమీ చెయ్యలేం. కిలైనీలో ఆ ఆదివారం అందరూ సరైన మాటలే మాట్లాడారు. తప్పు ఎవరిదైనా అయ్యుంటే వాళ్ళమీద కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. ఆ వీలు కూడా లేకుండా పోయింది.

కిందటి నెల నేస్ వెళ్ళాను. ప్రభాకర్ గారు చేతికర్రతో తమ ఇళ్ళ కాలనీ చుట్టూ తిరిగి రావడానికి వెళ్ళారు. ఆ దారి ఆయనకు బాగా అలవాటైంది. సరళ వంటింటి అలమరలోంచి కప్పులు తీసి టీ పోసింది. నా ఎదురుగా కూర్చుంది గానీ తన కప్పు ముట్టుకోలేదు.

"అక్కా, ఒకటి అడుగుత. నిజం చెప్పాలె."

"అడుగు."

"అప్పుడు ఆగస్టుల పోయుంటె ఆయనకు కనపడుతుండెనా?"

ఈ ప్రశ్న ఆమె ఇదివరకు చాలామందిని అడిగిందని నాకు తెలుసు. కూతుళ్ళను అడిగింది, లావణ్యను అడిగింది, డాక్టరును కూడా అడిగింది. అందరూ ఆమె మంచికోరి ఏదో ఒకటి చెప్పారు. అప్పటికే చూపు తగ్గిపోయింది కదా అన్నారు. వెళ్ళుంటే కరోనా వచ్చేదేమో అన్నారు. నీ తప్పేముంది అన్నారు. నా నాలుక చివర కూడా అవే మాటలున్నాయి. ఆమె ముఖం చూశాక అవి రాలేదు.

"కనపడేది సరళా" అన్నాను. "బాగా కనపడేది."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. టీ కప్పు దగ్గరికి లాక్కుంది.

"నాకు తెల్సు" అంది. "ఎవరన్న ఒక్కరు నాతోని ఆ మాట అనాలెనని ఉండె."

బయట గేటు చప్పుడైంది. ఆమె లేచి, ఆయనకోసం ఇంకో కప్పు తీసింది.